ల్యాబ్‌లో ఎనిమిది మందిమే ఉన్నాం, కమిటీ లాంటిదేం లేదు, ఎవరికి చెప్పుకోవాలి?

తెల్లకోటు అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. ఇక్కడ చాలా రోజుల్నుంచి చదువుతున్నా గానీ రాయటం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోకండి. గుంటూరు దగ్గర ఒక టౌన్లో డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, డీఎంఎల్‌టీ అని ల్యాబ్ పని డిప్లొమా చేశా, చేరి రెండేళ్లయింది. ఓనర్ డాక్టర్ గారు, ఆయన వారానికి రెండు సార్లు వస్తారంతే, మిగతాదంతా చూసుకునేది ఆయన బావమరిది. క్యాష్, డ్యూటీలు, జీతాలు, సెలవులు అన్నీ ఆయన చేతిలోనే. నా బాధ ఆయనతోనే.

ముందు రాత్రిపూట మెసేజ్‌లతో మొదలైంది. ఏదో రిపోర్ట్ గురించి అడిగినట్టే అడిగి తర్వాత పడుకున్నావా, డీపీలో చీర బాగుంది, ఎప్పుడూ చుడీదారేనా అని. నేను రిప్లై ఇవ్వకుండా ఊరుకునేదాన్ని. శ్రావణ శుక్రవారం చీర కట్టుకుని డ్యూటీకి వెళ్లా, ఆ రోజు శాంపిల్ రూమ్‌లో సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడి ఉంటే వెనకాల నుంచి వచ్చి గ్లౌజ్ సైజు సరిపోయిందా అంటూ చెయ్యి పట్టుకున్నాడు, లాక్కుంటే నవ్వుతూ వెళ్లిపోయాడు. అప్పట్నుంచి హోమ్ కలెక్షన్‌కి బాయ్స్‌ని ఆపి నన్ను పంపటం, నేనే దింపుతా కారెక్కు అనటం. పోయిన సోమవారం కార్లో భుజం మీద చెయ్యేశాడు, సిగ్నల్ దగ్గర దిగిపోయి ఆటోలో వచ్చేశా. మర్నాటి నుంచి నాకు పొద్దున ఆరింటి డ్యూటీ వేసి ఆదివారం ఆఫ్ తీసేశాడు. జీతం పెంచమని ఎప్పుడో ఏప్రిల్‌లో అడిగా, ఇప్పుడు దాని గురించి మాట్లాడదాం సాయంత్రం అందరూ వెళ్లాక ఉండు అంటున్నాడు.

అమ్మ మానెయ్యమంటుంది. మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, చేరేటప్పుడు తీసుకున్నారు. నాన్న లేరు, తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, నా 14,000 మీదే ఇల్లు నడుస్తుంది.

ఐటీ కంపెనీల్లో కమిటీ ఉంటుందని విన్నా, మాలాంటి చిన్న చోట ఎవరుంటారు? స్టేషన్‌కి వెళ్తే ఊరంతా తెలుస్తుందని భయం. సాక్ష్యం అంటే మెసేజ్‌లు తప్ప ఏం లేవు, వాటిల్లో కూడా భయపడి కొన్ని డిలీట్ చేశా. చెయ్యే కదా పట్టుకుంది, దానికి కంప్లైంట్ ఏంటే అని మా కొలీగ్ ఒకామె అంది, అది విన్నప్పట్నుంచి ఇది నిజంగా కంప్లైంట్ ఇచ్చేంతదా అని నాకే అనుమానం వస్తుంది.

రిటైర్డ్ సిస్టర్:

అమ్మా, ముందు నీ ఆఖరి మాటకి జవాబు చెప్తా. ఇది కంప్లైంట్ ఇచ్చేంతదే. నీకు ఇష్టం లేకుండా తాకటం, నీ ఒంటి గురించీ బట్టల గురించీ అలాంటి మాటలు, అలాంటి మెసేజ్‌లు, ఒప్పుకోకపోతే డ్యూటీ మార్చి కక్ష తీర్చుకోవటం, జీతం పెంచటాన్ని ఎర వెయ్యటం, ఇవన్నీ పనిచోట ఆడవాళ్ల మీద వేధింపుల్ని ఆపటానికి తెచ్చిన 2013 చట్టంలో లైంగిక వేధింపు కిందకే వస్తాయి. పాష్ యాక్ట్ అంటారు కదా, అదే. కారు ఆఫీసు బయట కదా అనుకోకు, పని మీద వెళ్లిన ప్రతి చోటూ, ఓనర్ ఇచ్చిన బండి కూడా పని స్థలమే. శాంపిల్ తియ్యటానికి వెళ్లిన పేషెంట్ ఇల్లు కూడా, అక్కడ పేషెంట్ తాలూకు వాళ్లెవరైనా పిచ్చి వేషాలేస్తే అది కూడా ఇందులోకే వస్తుంది.

నేను గవర్నమెంట్ హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైర్ అయ్యా, ఇప్పుడు రెండు కంపెనీల్లో ఇలాంటి కంప్లైంట్లు విచారించే కమిటీల్లో బయటి మెంబర్ని, అంటే ఆ కంపెనీలో పనిచెయ్యని మెంబర్ని. అందుకని కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఓనరే ఇంటర్నల్ కమిటీ వెయ్యాలి. పదిమంది లేని చోట పనిచేసే వాళ్ల కోసం జిల్లాకొక లోకల్ కమిటీ ఉంటుంది, కలెక్టర్ గానీ ప్రభుత్వం నియమించిన వేరే జిల్లా అధికారి గానీ వేస్తారు. కంప్లైంట్ ఓనర్ మీదే అయితే మనుషులెంతమంది ఉన్నా సరే లోకల్ కమిటీకే వెళ్లాలి. చట్టంలో యజమాని అంటే బోర్డు మీద పేరున్న డాక్టర్ ఒక్కడే అనుకోకు, ఆ చోటుని నడిపించేవాడూ అజమాయిషీ చేసేవాడూ కూడా యజమానే. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆ బావమరిది ఆ లెక్కలోకే వస్తాడు. కాబట్టి నీ దారి లోకల్ కమిటీ. కలెక్టరేట్‌లోనో, అంగన్‌వాడీల్ని చూసే జిల్లా ఆఫీసు ఉంటుంది కదా, ఆ ఐసీడీఎస్ పీడీ ఆఫీసులోనో అడుగు, పాష్ లోకల్ కమిటీకి కంప్లైంట్ ఇవ్వాలి అని అదే మాట అను. తెలీదు అని పంపించేస్తే కష్టంలో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే వన్ స్టాప్ సెంటర్‌కి వెళ్లు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆన్‌లైన్లో కేంద్రం వాళ్ల షీ-బాక్స్ పోర్టల్ ఉంది, ప్రైవేట్‌లో చేసేవాళ్లూ అందులో పెట్టొచ్చు.

ఇంకో మాట. ఎనిమిది మందిమే అన్నావు, మళ్లీ లెక్కపెట్టు. ఊడ్చే ఆమె, కాంట్రాక్ట్ మీద వచ్చే కలెక్షన్ బాయ్స్, ట్రైనింగ్‌కి వచ్చే డీఎంఎల్‌టీ పిల్లలు, వాళ్లకి జీతం ఇవ్వకపోయినా సరే, అందరూ లెక్కలోకి వస్తారు. పది దాటితే కమిటీ వెయ్యనందుకు డాక్టర్ గారికే 50,000 దాకా జరిమానా.

గడువు మాత్రం మర్చిపోకు. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. వరసగా జరుగుతుంటే ఆఖరిగా జరిగిన దాన్నుంచి లెక్క, అంటే నీకు పోయిన సోమవారం నుంచి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు గానీ అది వాళ్లిష్టం, దాని మీద ఆశ పెట్టుకోకు.

ఇవాళ రాత్రే ఒక నోట్‌బుక్ తీసుకుని శ్రావణ శుక్రవారం దగ్గర్నుంచి తేదీ, టైము, ఏ గది, ఏమన్నాడు, పక్కన ఎవరున్నారు, నువ్వు తర్వాత ఎవరికి చెప్పావు అంతా రాసి పెట్టు. మిగిలిన మెసేజ్‌లు ఒక్కటి కూడా తియ్యకు, స్క్రీన్‌షాట్లు తీసి నీ మెయిల్‌కి పంపుకో, ఫోన్ మార్చకు. ఆటో దిగాక అమ్మకి ఫోన్ చేశావా? చేసుంటే ఆ కాల్ టైము కూడా రాయి. సాయంత్రం అందరూ వెళ్లాక మాత్రం ఉండకు తల్లీ, ఏం చెప్పినా సరే.

గోదారి గట్టు:

సిస్టర్ గారు చెప్పింది బాగానే ఉంది గానీ ఒక డౌట్ అండి, ఎవరూ చూడని చోట చెయ్యి పట్టుకున్నాడు అంటే ఎలా నిరూపిస్తారు? నిరూపించలేకపోతే తప్పుడు కంప్లైంట్ అని ఈ అమ్మాయి మీదే యాక్షన్ తీసుకుంటారని విన్నా. పాపం ఉద్యోగం పోయి ఇది కూడా తగులుకుంటుందేమో అని అడుగుతున్నా, వేరే ఉద్దేశం లేదు.

రిటైర్డ్ సిస్టర్:

ఇలా విని ఆగిపోయిన ఆడపిల్లలు చాలామంది బాబూ, అందుకే స్పష్టంగా చెప్తా. కావాలని అబద్ధం కల్పించి ఇచ్చారని విచారణ చేసి తేలితేనే యాక్షన్. ఆధారం చూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు కంప్లైంట్ కాదని చట్టంలోనే రాసి ఉంది. పైగా కమిటీ విచారణ క్రిమినల్ కోర్టు లాంటిది కాదు, అనుమానానికి తావు లేకుండా నిరూపించాలని అడగరు, ఎవరు చెప్పేది నమ్మదగ్గట్టు ఉందో చూస్తారు. ఈ పిల్ల కేసే చూడండి, సోమవారం కారు దిగిపోయింది, మంగళవారం డ్యూటీ మారింది, ఆఫ్ పోయింది. డ్యూటీ రిజిస్టర్ మాట్లాడుతుంది. ఆ రాత్రి మెసేజ్‌లు మాట్లాడతాయి. ఇలాంటివి నలుగురి ఎదురుగా ఎవడూ చెయ్యడని కమిటీలో కూర్చున్నవాళ్లకీ తెలుసు.

ఈ చట్టం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెప్పాలనిపిస్తుంది. రాజస్థాన్లో భన్వరీ దేవి అని సాథిన్, అంటే ప్రభుత్వ కార్యక్రమం కింద ఊళ్లో పనిచేసే ఆమె, మన అంగన్‌వాడీ, ఆశా వాళ్లలాగా అనుకోండి. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆమె చేసింది డ్యూటీ. కింది కోర్టు 1995లో వాళ్లని అత్యాచారం కేసులో వదిలేసింది. అప్పుడు మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. ఈ విశాఖ మన వైజాగ్ కాదు, కేసు వేసిన సంఘం పేరు. ఆ మార్గదర్శకాలు చట్టమై అమల్లోకి వచ్చేసరికి 2013 డిసెంబర్ అయ్యింది. అంటే ఇది ఏసీ ఆఫీసుల్లో పుట్టిన చట్టం కాదు, ఊళ్లో నెలకి కొంచెం గౌరవ వేతనం తీసుకుని తిరిగే ఆడమనిషి కోసం పుట్టింది. చిన్న ల్యాబ్‌కి ఇది వర్తించదు అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఓరుగల్లు టెస్టర్:

అక్కా నీది చదివి రాత్రి నిద్ర పట్టలే. నేను హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ కంపెనీల టెస్టింగ్ చేస్తున్న, పేరు చెప్పను. మా టీమ్ లీడ్ నాకు గిట్లనే చేసిండు మూడేండ్ల కింద. మా దగ్గర కమిటీ ఉండె, గోడ మీద పోస్టర్ గూడ ఉండె, ఏటా ఆన్‌లైన్ ట్రైనింగ్ అని పది ప్రశ్నలు క్లిక్ కొట్టిచ్చేటోళ్లు, అయినా నాకు పోయి చెప్పాలంటే రెండు నెలలు పట్టింది, ఎందుకంటే ఆ పోస్టర్ మీదున్న పేర్లల్ల ఒకామె మా లీడ్‌తోటే రోజూ లంచ్ చేస్తది. చెప్తే ఆయనకు పోతదేమో అని భయం.

ఆఖరికి బయటి మెంబర్ మేడం మెయిల్ ఐడీకి గూడ సీసీ పెట్టి పంపిన. అదొక్కటి నాకు పనికొచ్చింది, ఎందుకంటే లోపలోళ్లు ముందు మాట్లాడుకుని సర్దుకోండి అన్నరు, ఆ మేడం మాత్రం అమ్మాయి తనంతట తాను అడిగితేనే రాజీ, మనం అడగొద్దు, డబ్బు మాట అసలే రావొద్దు అన్నది. రాసిచ్చి అడిగితే విచారణ అయ్యేదాంక కమిటీ చెప్పి ఆయన నా రేటింగ్ ముట్టకుండ చెయ్యొచ్చు, ట్రాన్స్‌ఫర్ చెయ్యొచ్చు, మూడు నెలల దాంక సెలవు ఇయ్యొచ్చు, ఆ సెలవు మనకున్న లీవులల్లకెల్లి కొయ్యరు. ఇది ఎవ్వరు వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే రాసి అడగాలె. నువ్వు గూడ రాయి, హోమ్ కలెక్షన్‌కి ఆయనతోటి పంపొద్దు, డ్యూటీ వెనకటి లెక్కనే చెయ్యాలె, సర్టిఫికెట్లు ఇప్పియ్యాలె అని.

హియరింగ్‌ల కష్టం అయితది, అబద్ధం చెప్పను. జరిగిందే నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఒకాయన ఆ రోజు ఏం డ్రెస్ వేసుకున్నవ్ అని అడిగిండు, ఆ మేడం ఆ ప్రశ్న రికార్డుల కెల్లి తీపిచ్చింది. లాయర్లను రానియ్యరు ఇద్దరికీ, అది మంచిగైంది, ఆయన బాబాయ్ పెద్ద వకీలు. 90 రోజులల్ల ముగియాలె, మాది 80 చిల్లర రోజులల్ల అయింది. ఆయనకు ఇంక్రిమెంట్ ఆపిండ్రు, వేరే బ్రాంచ్‌కి పంపిండ్రు. నాకు సరిపోలె, తీసేస్తరనుకున్న. మూడు నెలల్ల అప్పీల్‌కి పోవచ్చు అన్నరు గని అప్పటికి నాకు శక్తి లేదు, అది ఇప్పటికీ మనసుల ఉన్నది.

నాలుగు రోజులైనంక ఆ టీమ్లకెల్లి ఇంకో పిల్ల వచ్చి నాకు గూడ చేసిండక్కా అని ఏడ్చింది. నేను ఆ రెండు నెలలు ఆగకపోతే ఆ పిల్లకు అయ్యేది కాదు గద.

కుట్టు మిషన్ల రామన్న:

నేను ఓనర్ పక్క నుంచి చెప్తానండి. మాది అనంతపురం జిల్లాలో చిన్న గార్మెంట్ యూనిట్, ముప్పై మంది దాకా, అందులో ఆడవాళ్లే ఎక్కువ. నాలుగేళ్ల కిందట మా దగ్గర ఒకామె కటింగ్ మాస్టర్ గురించి మా ఇంటామెకి చెప్పింది. మాస్టర్ నాతో పదేళ్లనించి ఉన్నోడు, నేను ఏం చేసినానంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి, అన్నా చెల్లెలూ అనుకోని పనిచేసుకోండి అని పంపించినా. పెద్ద పని చేసినాననుకున్నా. ఆమె వారం తిరక్కుండా మానేసింది. ఆమె మానేసినాక ఇంకో ముగ్గురు మానేసినారు, అడిగితే ఎవరూ కారణం చెప్పల్యా. ఆమెకి నేను చేసింది అన్యాయమే, తర్వాత ఇంటికి పోయి చెప్పినా, ఆమె తలుపు దగ్గరే నిలబడి విని లోపలికి పోయింది.

ఆ తర్వాతే కమిటీ వేసినా. పై హోదాలో పనిచేసే ఆమెని అధ్యక్షురాలిగా పెట్టి, ఇంకో ఇద్దర్ని, బయటి నించి ఒక రిటైర్డ్ టీచరమ్మని. సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లే ఉండాల. కాగితం మీద అంతే. అయితే ఆ వేధింపు నిజంగా ఆగింది ఎక్కడంటే చిన్న చిన్న మార్పుల దగ్గర. గుడ్డ తాన్లు పెట్టే స్టోర్ రూముకి చెక్క తలుపు తీసేసి అద్దం తలుపు పెట్టినా, అంతా అక్కడే జరిగేదని తర్వాత తెలిసింది. పీసు లెక్క మాస్టర్ ఒక్కడే రాసేవాడు, ఎవరికి ఎక్కువ పీసులు ఇయ్యాలో వాడిష్టం, అదే వాడి బలం. ఇప్పుడు లెక్క బోర్డు మీద అందరికీ కనపడేట్టు రాస్తాం. కూలి బ్యాంకులో పడుతుంది, ఎవరి రూములోకీ పోయి తీసుకోనక్కర్లేదు. ఓవర్‌టైమ్ ఉంటే ఇద్దరికి తక్కువ ఆడవాళ్లని ఉంచం. ఎవరి సర్టిఫికెట్టూ, ఆధార్ కార్డూ మా దగ్గర ఉంచుకోం, జిరాక్స్ చాలు.

కొత్త మాస్టర్ వచ్చిన రోజే అందరి ముందర చెప్పినా, ఇక్కడ ఆడవాళ్ల జోలికి పోతే విచారణ ఉంటుంది, పదేళ్ల స్నేహం కూడా అడ్డం రాదని. మగ పిల్లోళ్లకి కూడా అది ముందే చెప్పాల, జరిగినాక కాదు.

ఆ డాక్టర్ గారికి ఈ సంగతి తెలుసో లేదో మరి. బావమరిది కదా అని మూసిపెడితే ఆయన ల్యాబ్‌కే చెరుపు.

తెల్లకోటు అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, చదువుతూ ఏడ్చేశాను. సిస్టర్ అమ్మా, మీరు చెప్పినట్టే మళ్లీ లెక్కపెట్టా, బాయ్స్ ముగ్గురు, ఊడ్చే సుబ్బమ్మగారు, ట్రైనింగ్ పిల్లలు ఇద్దరు, మొత్తం పద్నాలుగు మంది. ఎనిమిది అని ఎందుకన్నానంటే మా జీతాల రిజిస్టర్‌లో అంతమందే ఉంటారు. నోట్‌బుక్ రాయటం మొదలుపెట్టా, ఆటోలో నుంచి అమ్మకి 7:42కి చేసిన కాల్ ఫోన్లో ఉంది. ఆ రోజు డ్యూటీ చార్ట్ ఫోటో కూడా తీశా.

ఇంకో విషయం, ట్రైనింగ్ పిల్లల్లో ఒక అమ్మాయి మూడు వారాల కింద చెప్పాపెట్టకుండా మానేసింది. నిన్న ధైర్యం చేసి ఫోన్ చేశా. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత నీకు కూడానా అక్కా అంది.

మానేసిన అమ్మాయి సాక్ష్యం చెప్పొచ్చా? కంప్లైంట్ ఎన్ని కాపీలు ఇవ్వాలి? ఇచ్చాక ఆయనకి తెలిసిపోతుంది కదా, అప్పుడు పోలీసులకి కూడా ఇవ్వాలా లేక ఒకటే ఇవ్వాలా?

రిటైర్డ్ సిస్టర్:

చెప్పొచ్చు, తన తరఫున తను సొంతంగా కంప్లైంట్ కూడా ఇవ్వొచ్చు, ట్రైనీ అయినా, ఇప్పుడు మానేసినా సరే. తనకి మూడు నెలలు ఎప్పటికి అవుతాయో తేదీ చూసుకోమను. ఆరు కాపీలు, దాంతో పాటు మెసేజ్‌ల ప్రింట్లు, సాక్షుల పేర్లు, అడ్రస్‌లు. నువ్వు ఉంచుకునే కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు గుమ్మం దాటకు. వాళ్లు ఏడు పనిదినాల్లో ఆయనకి కాపీ పంపుతారు, ఆయన పది పనిదినాల్లో జవాబివ్వాలి. అందుకే మధ్యంతర రక్షణ, అంటే విచారణ అయ్యేదాకా రక్షణ, కావాలని ఆ కంప్లైంట్‌తోనే అడుగు, తర్వాత చూద్దాంలే అనుకోకు.

పోలీసులకి ఇవ్వటం నీ ఇష్టం, రెండూ ఒకేసారి నడవొచ్చు. ఇష్టం లేకుండా తాకటం భారతీయ న్యాయ సంహితలో 75 కింద నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. నువ్వు పోలీసు కంప్లైంట్ ఇస్తానంటే సాయం చెయ్యాల్సిన బాధ్యత కూడా ఓనర్‌దే. ఆయన బెదిరించినా, ఇంటికొచ్చినా ఆలోచించకు, 112 కొట్టు.

ఆ ల్యాబ్ పేరు గానీ మనిషి పేరు గానీ ఇక్కడ ఎవరడిగినా రాయొద్దు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని చట్టంలో ఉంది, అది నీ పేరూ ఆ అమ్మాయి పేరూ కాపాడటానికి కూడా. కంప్లైంట్ రాశాక నాకు మెసేజ్‌లో పంపు, చదివి చెప్తా.

తెల్లకోటు అమ్మాయి:

రాసేశానమ్మా, నాలుగు పేజీలొచ్చింది, పంపుతున్నా. ఆ అమ్మాయి తన కంప్లైంట్ తను వేరేగా రాసుకుంది, వాళ్ల నాన్నగారు కూడా తోడొస్తానన్నారు. గురువారం నాకు ఆఫ్ ఇవ్వలేదు, అయినా సెలవు చెప్పి వెళ్తున్నాం, పదింటికల్లా పీడీ ఆఫీసు దగ్గర ఉంటాం.

ఓరుగల్లు టెస్టర్:

మంచిది అక్కా. ముద్ర ఏపిచ్చుకున్నంక ఇక్కడ ఒక్క మాట రాయి, చూస్తుంట.